సంతకం పెట్టని కాగితం

1964 జనవరిలో హైదరాబాద్ కేంద్రంగా ఒక కాగితం చేతులు మారింది. దాని మీదున్నది ఒకే ఒక్క ప్రతిజ్ఞ. మనిషికి జ్ఞానం తన శ్రమ వల్లే వస్తుంది తప్ప దివ్యవాణి ద్వారా రాదు. ఏ చిక్కునైనా మనిషి తన బుద్ధితో, తన నీతితో తేల్చుకోవాలి, అతీత శక్తుల్ని పిలవకూడదు. సారాంశం అంతే. కింద సంతకానికి చోటు. ఆ సంతకం పెట్టినవారే శాస్త్రీయ దృక్పథం కోసం కొత్తగా పెట్టిన సంఘంలో సభ్యులు. సంఘం పెట్టినవారు ముగ్గురు: పుష్పమిత్ర భార్గవ, సతీశ్ ధావన్, అబ్దుర్ రెహమాన్. డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవారిలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్ కూడా అందులో తన పేరు చేర్చాడు. ఇక మన దేశంలో పేరు మోసిన శాస్త్రవేత్తలంతా వరుసగా వచ్చి చేరతారనుకున్నారు.

ఎవరూ రాలేదు. భార్గవ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అడిగారు. ఒక్కొక్కరూ కాగితం చదివి వెనక్కి ఇచ్చేశారు. అడిగింది ఊళ్లో పూజారినో గుడి ముందు కొబ్బరికాయలు అమ్ముకునేవాడినో కాదు. జీతం తీసుకుని ప్రయోగాలు చేసేవారిని. వాళ్లకే ఆ వాక్యం మింగుడు పడలేదు. సంఘం పుట్టిన చోటే చచ్చిపోయింది. ఆ తర్వాత భార్గవ యాభై మూడేళ్లు బతికారు. ఆ యాభై మూడేళ్ల కథ అంతా ఆ కాగితం పట్టుకుని ఆయన తలుపు తలుపూ తట్టిన కథే అంటాను.

పుట్టింది 1928లో, అజ్మీరులో. చదివింది లక్నోలో. 21 ఏళ్లకే రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ పూర్తిచేసి 1950లో హైదరాబాద్ వచ్చారు. మధ్యలో అమెరికాలో విస్కాన్సిన్, ఆ తర్వాత ఇంగ్లండు వెళ్లి, 1958లో మళ్లీ హైదరాబాద్‌లోని రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీకి తిరిగొచ్చారు. విస్కాన్సిన్‌లో చార్లెస్ హైడెల్‌బర్గర్ ప్రయోగశాలలో పనిచేశారు. ఇవాళ్టికీ క్యాన్సర్ వార్డుల్లో ఎక్కించే ఫ్లోరోయురాసిల్ మందు పుట్టింది అక్కడే. అలాంటి చోటు వదిలి వచ్చిన మనిషి, ఆ మందు గురించి కంటే మందు పనిచేస్తుందని మనకెలా తెలుస్తుందన్న దాని గురించే జీవితమంతా ఎక్కువ మాట్లాడారు. నేనాయన్ను జీవశాస్త్రవేత్త అనడం కంటే శాస్త్రానికి తాత్వికుడు అనడానికి ఇష్టపడేది అందుకే. ప్రశ్న ఎలా వేయాలి, జవాబును ఎలా పరీక్షించాలి, పరీక్షలో ఓడిన జవాబును ఎలా వదిలెయ్యాలి. ఆయనకు శాస్త్రమంటే ఈ మూడే. మిగతాదంతా పనిముట్లు.

ఆ కాలం ఎలాంటిదో తెలియాలంటే సూరి భగవంతంగారిని తలుచుకోవాలి. 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తా వెళ్లి రామన్ దగ్గర శిష్యరికం చేసి, వాల్తేరులో భౌతిక శాస్త్రం బోధించి, ఉస్మానియాకు వైస్ చాన్సలరై, 1957లో బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరైన తెలుగువాడు. రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. స్ఫటికాల నిర్మాణం మీద, కాంతి పరిక్షేపణం మీద ఆయన లెక్కలు ప్రపంచం చదివింది. అంతటి మనిషి తర్వాత పుట్టపర్తి వేదిక మీద నిలబడి, సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను వాక్యం వాక్యం ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. గాల్లోంచి విభూతి, ఉంగరాలు తీసే చేతి పక్కన నిలబడి. అది ఆయన ఇష్టం, ఆయన నమ్మకం; తప్పుపట్టడానికి నేనెవణ్ణి? కానీ ఆ ఉంగరం ఎక్కణ్ణుంచి వచ్చిందని ప్రయోగశాలలో అడిగినట్టు అక్కడ అడగాలనిపించలేదా అన్న సందేహం మాత్రం నాకు పోదు. 1962లో ఆయన ఖాళీ చేసిన డైరెక్టరు కుర్చీలోకి వచ్చినవాడు సతీశ్ ధావన్. కాగితం తయారుచేసిన ముగ్గురిలో ఒకడు. ఒకే కుర్చీ, ఒకరి తర్వాత ఒకరు, ఇద్దరూ పెద్ద శాస్త్రవేత్తలే. 1976లో బెంగుళూరు విశ్వవిద్యాలయం వైస్ చాన్సలర్ హెచ్. నరసింహయ్య మహిమల్ని పరీక్షిస్తామని కమిటీ వేస్తే బాబా ఆ పరీక్షకు ఒప్పుకోలేదు. కమిటీని తిట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లకు తక్కువ లేదు.

శాస్త్రవేత్తలు సంతకం పెట్టకపోతే రాజ్యాంగం చేత పెట్టిద్దామనుకున్నారు భార్గవ. నాటి విద్యామంత్రి నూరుల్ హసన్‌కు నచ్చజెప్పారు. 42వ సవరణలో ప్రాథమిక విధుల జాబితా వచ్చింది. 51ఎ అధికరణం, హెచ్ క్లాజు: శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతా వాదాన్ని, పరిశీలనా సంస్కరణ భావాలను పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి. 1977 జనవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. ఇలాంటి క్లాజు ఇంకే దేశపు రాజ్యాంగంలోనూ లేదని ఆయన గర్వంగా చెప్పుకునేవారు. ఆ గర్వం వెనక చేదు ఉంది. ప్రశ్నించడం పౌరుడి విధి అని రాసిన కాలం ఎమర్జెన్సీ. ప్రశ్నించినవాళ్లు ఆ రోజున దేశమంతటా జైళ్లలో ఉన్నారు, మన విప్లవ రచయితలతో సహా. పైగా ప్రాథమిక విధి పాటించకపోతే శిక్ష లేదు. కోర్టు కూడా అడగదు. హక్కు కోసం కోర్టుకెక్కొచ్చు, విధి కోసం ఎక్కలేం. రాజ్యాంగంలో ఆ వాక్యానికి చోటు దొరికింది గానీ పళ్లు లేవు.

శాస్త్రపు పద్ధతిని పిల్లలకు బొమ్మలతో, నమూనాలతో చూపించే పెద్ద ప్రదర్శన ఒకటి ఆయన బృందం ఎన్‌సీఈఆర్‌టీ కోసం తయారుచేసింది. జనతా ప్రభుత్వం వచ్చాక దాన్ని విప్పేశారు. దాని గురించి ఇంతకంటే చెప్పడానికి మనసు రావడం లేదు.

ఓటమి మధ్యలో ఒక గెలుపూ ఉంది. 1977లో రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీలో భాగంగా, ఆయన డైరెక్టరుగా, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ మొదలైంది. పదేళ్లకు తార్నాక దగ్గర సొంత భవనం. 1987 నవంబర్ 26న రాజీవ్ గాంధీ దాన్ని జాతికి అంకితం చేశారు. ఆ భవనాన్ని భార్గవ తన అభిరుచి మీద కట్టారు. చిత్రకారుడు సూర్యప్రకాశ్‌ను పిలిచి, ఇక్కడే ఉండి బొమ్మలు వేసుకోమన్నారు. కణాల్ని చూసే కళ్లకు రంగులూ కనబడాలని ఆయన పట్టుదల. లాల్జీ సింగ్ డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని మన కోర్టుల దాకా తెచ్చింది అక్కడి నుంచే. తండ్రెవరో, హంతకుడెవరో నెత్తుటి చుక్క చెప్పడం మొదలైంది. 1990లో భార్గవ డైరెక్టరు పదవి నుంచి దిగిపోయారు. సంస్థ నిలిచింది, పెరిగింది. ఆయన కోరుకున్న మరొకటి, ఆ గోడల బయటికి రావాల్సినది, రాలేదు.

బయట అంటే ఎక్కడ? ఆయనకు మా ములకలపల్లి తెలిసి ఉండదు. పాల్వంచ నుంచి దమ్మపేట వైపు వచ్చే రోడ్డులో, అడవి పలచబడి జామాయిల్ తోటలు, పామాయిల్ తోటలు కలిసే చోట మా మండలం. పోడు కొట్టుకునే కోయ గూడేలు. వానలు పడ్డాక జ్వరాల కాలం. మలేరియా మెదడుకెక్కి రెండు మూడు రోజుల్లో మనిషి పోతే, ఇంట్లో వేసే మొదటి ప్రశ్న ఎవరు చేశారన్నది. ఆ ప్రశ్నకు గూడెం మంత్రగాడు వడ్డె దగ్గర జవాబుంటుంది. ఆర్‌ఎంపీ డాక్టరు దగ్గర సూది ఉంటుంది గానీ జవాబుండదు. సర్కారు దవాఖానలో చీటీ ఉంటుంది, చీటీ మీద రాత ఎవరికీ తెలియదు. చేతబడి చేశాడన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపిన వార్తలు మా ఏజెన్సీ నుంచి జిల్లా ఎడిషన్లలో వస్తూనే ఉంటాయి. పట్నం వాళ్లు చదివి, ఇంకా ఈ కాలంలోనా అని పేపరు మడిచిపెడతారు. అదే పట్నంలో మృగశిర కార్తె నాడు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండులో ఉబ్బసానికి చేప మింగడానికి కిలోమీటర్ల క్యూ. బారికేడ్లు సర్కారువే, చేప పిల్లలు సరఫరా చేసేది సర్కారు శాఖే. మందు అని నిరూపించమని జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు నిలదీస్తే, పేరు ప్రసాదమైంది. ప్రసాదాన్ని ఎవరు నిరూపించమంటారు?

భార్గవ మీద నాకున్న ఫిర్యాదు ఇక్కడే. ఆయన మంత్రుల్ని అడిగారు, అకాడమీల్ని అడిగారు, న్యాయమూర్తుల్ని అడిగారు. పైన దీపం పెడితే కిందికి వెలుగు దానంతటదే పడుతుందనుకున్నారు. 1981లో ఆయన, హక్సర్, రాజా రామన్న మొదలైనవారు కలిసి శాస్త్రీయ దృక్పథం మీద ప్రకటన వెలువరిస్తే సమాజ శాస్త్రవేత్త ఆశిష్ నంది దానికి ఎదురు ప్రకటన రాశాడు. మీ ఆధునిక శాస్త్రానికీ హింసకూ చుట్టరికం ఉందని, మామూలు మనిషి తెలివిని మీరు చిన్నచూపు చూస్తున్నారని అతని వాదన. నంది మాటలన్నీ నాకు రుచించవు. వడ్డె మాట విని ముసలమ్మను కొట్టే గుంపులోని తెలివిని నేను గౌరవించలేను. అయినా ఆ వాదనలో ఒక ముల్లుంది. అది తర్వాత మా ఏజెన్సీలోనే గుచ్చుకుంది.

దానికంటే ముందు ఆయన ఓటములు చకచకా చెప్పేస్తాను. 1990ల తొలి సగంలో, మూడు జాతీయ విజ్ఞాన అకాడమీల సభ్యత్వానికి రాజీనామా చేశారు. సమాజాన్ని తాకే ఏ విషయంలోనూ అకాడమీలు నోరు విప్పవని ఆయన అభియోగం. 1995 సెప్టెంబర్ 21న దేశమంతా వినాయకుడి చేత పాలు తాగించింది. చెంచా అంచు నుంచి పాలు కిందికి జారడం వెనక ఉన్న సంగతి బడిపిల్లల పుస్తకంలోనే ఉంది. 2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞానం పేరుతో డిగ్రీలు పెట్టమంటే, భార్గవ, చందనా చక్రవర్తి మరొకరితో కలిసి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకెళ్లారు. కొట్టేశారు. సుప్రీంకోర్టుకెళ్లారు. 2004 మే 5న అక్కడా కొట్టేశారు. ఏ కోర్సు పెట్టాలో నిపుణుల సంస్థ తేల్చుకుంటుంది, అందులో మేం తలదూర్చం అన్నది తీర్పు సారం. 51ఎ హెచ్ తయారవడానికి కారకుడైన మనిషి అదే రాజ్యాంగాన్ని నమ్ముకుని కోర్టు మెట్లెక్కి ఖాళీ చేతులతో దిగాడు. 2008లో అదే సుప్రీంకోర్టు ఆయన్ను జన్యు మార్పిడి పంటలను ఆమోదించే కమిటీలో పరిశీలకుడిగా నియమించింది. బీటీ వంకాయకు జరగాల్సిన పరీక్షల్లో ఎక్కువ భాగం జరగలేదని ఆయన అడ్డం తిరిగారు. అప్పుడు తోటి శాస్త్రవేత్తలే ఆయన్ను శాస్త్ర వ్యతిరేకి అన్నారు. జీవితమంతా శాస్త్రం శాస్త్రం అని అరిచినవాడికి ముసలితనంలో దక్కిన బిరుదు అది! పరీక్ష చేయమనడమే ఆయన చేసిన నేరం. 2010 ఫిబ్రవరిలో కేంద్రం బీటీ వంకాయను ఆపేసింది.

ఆ తర్వాత రెండు నెలలకు, ఏప్రిల్లో, మా వైపు ఇంకొకటి ఆగింది.

2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఒక టీకా కార్యక్రమం మొదలైంది. గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను కలిగించే హెచ్‌పీవీ వైరస్‌కు టీకా. నడిపింది అమెరికాకు చెందిన పాత్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి. టీకాను తయారుచేసే కంపెనీయే ఉచితంగా ఇచ్చింది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలు. మా మండలం అందులో లేదు, కానీ మా పిల్లలు చదువుకునే హాస్టళ్లు ఆ పక్కనే. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు, సుమారు 14,000 మంది, మూడు విడతల సూది. గుజరాత్‌లో వడోదర జిల్లాలో ఇలాంటిదే ఇంకో కంపెనీ టీకాతో. దాన్ని క్లినికల్ ట్రయల్ అనలేదు, డెమాన్‌స్ట్రేషన్ అన్నారు. ఆ పేరుతో, ట్రయల్‌కు ఉండే కట్టుదిట్టాలేవీ అక్కర్లేకుండా పోయాయి.

ఆ నెలల్లో రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. మహిళా సంఘాలు భద్రాచలం వచ్చి హాస్టళ్లలో, గూడేల్లో అడిగాయి. పార్లమెంటులో గొడవైంది. కార్యక్రమం ఆగింది. విచారణ సంఘం కూర్చుంది. నీళ్లలో మునగడం, పాముకాటు, పురుగుల మందు తాగడం, జ్వరం, ఇలాంటి కారణాలు చెప్పింది. టీకాకూ చావులకూ సంబంధం లేకపోవచ్చునని సంఘం తేల్చింది.

చాలావరకు అది నిజమే కావచ్చు. తర్వాతి ఏళ్లలో స్వీడన్, బ్రిటన్ లెక్కలు ఈ టీకా ఆ క్యాన్సర్‌ను బాగా తగ్గిస్తుందని రుజువు చేశాయి కూడా. నేను టీకాను తిట్టడం లేదు. భార్గవ ఉండి పాఠం చెప్పాల్సిన చోటు ఇదనుకుంటాను. సూది వేశారు, తర్వాత పిల్ల పోయింది. కాబట్టి సూది వల్లే పోయింది. ఇది తల్లి తర్కం. ముసలమ్మ చూసింది, తర్వాత జ్వరమొచ్చింది, కాబట్టి ముసలమ్మే చేసింది అన్న తర్కం కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఒకటి తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని శాస్త్రం చెప్పాలి. కానీ అలా చెప్పాలంటే శాస్త్రం దగ్గర లెక్క ఉండాలి. సూది వేయనివాళ్లలో ఎందరు పోయారు, వేసినవాళ్లలో ఎందరు పోయారు, ఒక్కొక్కరికీ తర్వాత ఏమైందో ఎవరు రాసుకున్నారు, శవపరీక్ష జరిగిందా? వికటిస్తే నమోదు చేసే సరైన ఏర్పాటు లేదని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో తన 72వ నివేదికలో తేల్చింది. లెక్క రాయనివాడు లెక్క అడిగిన తల్లిని మూఢురాలు అనగలడా? ఆ క్షణంలో గూడెంలోని తల్లే శాస్త్రీయంగా ఉంది. తెల్లకోటు వేసుకున్నవాళ్లే నమ్మమంటున్నారు.

ఇక సంతకాల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన అంగీకార పత్రాలు 9,543. వాటిలో 1,948 వేలిముద్రలు. 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. పిల్లను హాస్టల్లో దించి పోడుకు వెళ్లిన తండ్రికి కాగితం ఒకటుందని కూడా తెలియదు. 1964లో హైదరాబాద్‌లో, చదివి అర్థం చేసుకోగల పెద్దలు ఒక్క వాక్యం కింద సంతకం పెట్టడానికి నిరాకరించారు; ఆ నిరాకరణకు కనీసం విలువుంది, అది వాళ్లు ఆలోచించి తీసుకున్న నిర్ణయం. ఖమ్మంలో అలా నిరాకరించే అవకాశం కూడా చాలామందికి రాలేదు. వేలికి సిరా పూసి కాగితం మీద అద్దించుకున్నారు. భూమి కాగితాలకు, వడ్డీ కాగితాలకు వేలిముద్ర వేసి మోసపోయిన చరిత్ర కోయవాళ్లది. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలు పుట్టిందే అందుకు. కొత్త కాగితం శాస్త్రం పేరు మీద వచ్చింది, అంతే తేడా.

వడ్డె దగ్గరికెళ్లే జనానికి శాస్త్రీయ దృక్పథం నేర్పాలని కోరుకున్నవాడు భార్గవ. ఆ జనం దగ్గరికి శాస్త్రం చివరికి ఎలా వచ్చిందో చూడండి. ప్రశ్న వేయొద్దు, చెయ్యి చాపు అంటూ వచ్చింది. వడ్డె కూడా అదే అంటాడు. ఇంకా నయం, అతను వాళ్ల భాషలో అంటాడు, రాత్రంతా వాళ్ల ఇంట్లో కూర్చుని అంటాడు.

2013 ఆగస్టు 20న పుణేలో, మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను కాల్చి చంపారు. 2015 ఆగస్టు 30న ధార్వాడలో కన్నడ పండితుడు కల్బుర్గిని ఆయన ఇంటి గుమ్మంలోనే. ఆ అక్టోబర్‌లో, 87 ఏళ్ల భార్గవ 1986లో తనకొచ్చిన పద్మభూషణ్‌ను తిరిగిచ్చేస్తానన్నారు, ఇచ్చేశారు. పేరు కోసమని కొందరన్నారు. ఆ వయసులో ఆయనకు కొత్తగా రావాల్సిన పేరేముంది? అదే సంవత్సరం జనవరిలో కూడా ఆయన 1964 నాటి కాగితం గురించి పేపర్లో రాశారు, నిన్న జరిగినంత కోపంగా. ముగ్గురిలో ధావన్ అప్పటికి పదమూడేళ్ల క్రితమే పోయాడు. ఢిల్లీలో విజ్ఞాన చరిత్ర, విజ్ఞాన విధానాల అధ్యయనానికి నిస్టాడ్స్ సంస్థను నిలబెట్టిన రెహమాన్ కూడా లేడు. 2017 ఆగస్టు 1న హైదరాబాద్‌లో, 67 ఏళ్ల క్రితం ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన ఊళ్లోనే, భార్గవ కన్నుమూశారు.

టీకా కేసు అప్పటికి సుప్రీంకోర్టులో ఉంది. ఆడపిల్లల చావులు, వార్డెన్ల సంతకాలు, కంపెనీ బాధ్యత, నష్టపరిహారం అడుగుతూ వేసిన వ్యాజ్యం అది. పిటిషనర్లు పార్లమెంటరీ సంఘం నివేదికను సాక్ష్యంగా చూపితే, అసలు అలాంటి నివేదికను కోర్టు చూడొచ్చా, చూస్తే సభా హక్కులకు భంగమా అన్న సందేహం లేచింది. ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ సందేహాన్నే విచారించి, 2018 మే 9న తీర్పు చెప్పింది. నివేదికను కోర్టు చూడొచ్చు. అందులోని నిర్ణయాలను మాత్రం తప్పుపట్టరాదు.